దణ్ణం తీసుకోవడం రాని మనిషి

మా వీరభద్రం గారు దణ్ణం పెట్టి ఒక మనిషిని చంపారు.

కత్తి కాదు, విషం కాదు. ఈ దేశంలో తుపాకీ కొనడం పెరుగు డబ్బా కొన్నంత సులువు, అయినా ఆయన దాని జోలికి పోలేదు. రెండు అరచేతులూ జోడించి నుదుటి దాకా ఎత్తి, న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో, పట్టపగలు, నలభై అయిదేళ్ళ మనిషిని సాగనంపేశారు. తలుపు అద్దంలోంచి నేను చూశాను. ఆరేళ్ళుగా ఈ సంగతి పార్సిప్పనీ నుంచి ఐసెలిన్ దాకా నలుగురు తెలుగువాళ్ళు కూర్చున్న ప్రతి చోటా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచాననీ ఒప్పుకుంటాను. ఆయన చేతులు జోడించగానే అంతస్తు మొత్తం లైట్లు ఆరిపోయాయని ఒక పెళ్ళిలో చెప్పాను. ఇక్కడ మాత్రం లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

నా గురించి రెండు ముక్కలు చెప్పకపోతే కథ కదలదు. నా పేరు చైతన్య. 2001లో ఎమ్మెస్ చేద్దామని వచ్చి రెండో సెమిస్టర్‌లో మానేశాను. నేను మానేశాక ఆ యూనివర్సిటీ మళ్ళీ కోలుకోలేదని అంటారు. అనేది నేనే. తర్వాత రూట్ 46 పక్కన ఒక థాయ్ హోటల్‌లో డెలివరీ పనికి చేరాను. ఆర్డర్ ఇచ్చినవాళ్ళు ఫోన్ పెట్టేసేలోపు నేను వాళ్ళ గుమ్మంలో ఉండేవాణ్ణి. ఇక నా గొప్పలు చాలు.

2004 వేసవిలో ఒక శనివారం డాక్టర్ మల్లికార్జునరావు గారింట్లో పార్టీకి ఎనిమిది ట్రేల నూడుల్స్ పట్టుకెళ్ళాను. బెల్లు కొడితే తెల్ల చొక్కా, గుబురు మీసం, ఆరడుగుల మనిషి తలుపు తీశాడు. తీసి ఒక్క అడుగు వెనక్కి వేసి, నిటారుగా నిలబడి, రెండు చేతులూ నుదుటి దాకా ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. నాకు! సాస్ మరకల టీషర్టులో ఉన్న డెలివరీ వాడికి! పుట్టిన దగ్గర్నుంచీ నాకెవరూ అంత దణ్ణం పెట్టలేదు. ట్రేలు చేతిలో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే వెనక ఎవరొచ్చారోనని తిరిగి చూసేవాణ్ణి.

ఆయనే వీరభద్రం గారు. డాక్టరు గారి భార్య వసుమతి గారికి సొంత తమ్ముడు. ఆవిడ ఎప్పుడో పెట్టిన కాగితాలకి పదమూడేళ్ళకి మోక్షం వచ్చి, అంతకు ముందేడాదే, యాభై అయిదేళ్ళ వయసులో గ్రీన్ కార్డుతో దిగారు. భార్య పోయింది, పిల్లలు లేరు. మచిలీపట్నం కలెక్టరేట్‌లో ముప్ఫయ్యేళ్ళు చేశారు. ఏం చేశారన్నదే ఆ ఇంట్లో చిక్కు. డాక్టరు గారు అతిథులకి, "మా బావమరిది. కలెక్టర్ ఆఫీసులో అడ్మినిస్ట్రేషన్ చూసేవారు," అని పరిచయం చేసేవారు. నిజానికి ఆయన బిళ్ళ బంట్రోతు. భుజం మీంచి ఎర్ర పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, కలెక్టర్ ముందు నడిచి దారి తీయించే మనిషి.

నేను ట్రేలు దించి డబ్బు కోసం ఎదురుచూస్తుంటే ఒక కార్డియాలజిస్టు గారు వెళ్ళడానికి బయటికొచ్చారు. వీరభద్రం గారు ఆయన్ని దాటుకుంటూ పరిగెత్తారు. కారు తలుపు తీసి పట్టుకుని, ఆయన కూర్చున్నాక మెత్తగా వేసి, చేతులు నుదుటికి ఆనించి, కారు మలుపు తిరిగేదాకా దించలేదు. వాకిట్లో ఉన్న పాతికమందీ చూశారు. వసుమతి గారు గొంతు తగ్గించి, "ఎందుకురా తమ్ముడూ ఇలా పరువు తీస్తావు?" అనడం నాకు వినపడింది.

"తియ్యాలని కాదక్కయ్యా. చేతులే లేస్తాయి," అన్నారాయన.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. మిగిలిందంతా ఆ చేతుల గొడవే.

మా హోటల్ ఓనరు సురాపోన్ ద్వారం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టే మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆ నమస్కారాన్ని థాయ్ వాళ్ళు 'వై' అంటారు. అమెరికా వాళ్ళకి అదంటే మహా ముచ్చట. మన మీసాల మనిషికి పట్టు చొక్కా తొడిగితే థాయ్‌లాండ్ నుంచి దిగినవాడో కాదో ఎవడు చూడొచ్చాడు? నేను చెప్పాను, సురాపోన్ సరేనన్నాడు. వీరభద్రం గారు అక్కగారిల్లు వదిలి నా అపార్ట్‌మెంట్‌లోకి మారారు. "ఇక్కడైతే నేను ఎవరో చెప్పుకోనక్కర్లేదు," అన్నారు పెట్టె దించుతూ.

మొదటి రోజు సురాపోన్ ఆయనకి పాఠం చెప్పాడు. లెక్కంతా బొటనవేళ్ళు ఎక్కడ ఆనాయన్న దాంట్లో ఉంది. పెద్దవాళ్ళకైతే గడ్డానికి, తల్లికీ తండ్రికీ గురువుకీ ముక్కుకి, బుద్ధుడికీ భిక్షువులకీ కనుబొమల మధ్యకి. చిన్నవాడు ముందు పెట్టాలి. పెద్దవాడు చేతులు గుండె దగ్గర కలిపి తీసుకోవాలి. మరీ పెద్ద హోదా అయితే తల ఊపినా చాలు.

వీరభద్రం గారు పది నిమిషాల్లో పట్టేశారు. నా వైపు తిరిగి, "ఇందులో కొత్తేముందబ్బాయ్? మా దగ్గరా ఇంతే. కలెక్టర్‌కి నుదురు, జాయింట్ కలెక్టర్‌కి ముక్కు, డీఆర్వోకి గడ్డం, తహసీల్దారుకి గుండె. సూపరింటెండెంటుకి చెయ్యి లేస్తే లేచినట్టు," అన్నారు.

అన్నారు గానీ, ఒక్క విషయం ఆయన బుర్రకెక్కలేదు. కలెక్టరేట్‌లో వయసు లెక్కలోకి రాదు. యాభయ్యేళ్ళ బంట్రోతు ఇరవై ఆరేళ్ళ కుర్ర ఐఏఎస్‌కి ముందు చేతులెత్తాలి. కొత్తగా చేరినవాడు అందరికీ ఎత్తాలి. ఆ అలవాటుతోనే సరాసరి వంటగదిలోకి నడిచి, పొయ్యి దగ్గరున్న మనిషి ముందు నిలబడి, నుదుటి దాకా చేతులెత్తేశారు.

ఆ మనిషి ప్రయూన్. మా పెద్ద వంటవాడు. థాయ్‌లాండ్‌లో ఖోన్ కేన్ దగ్గరి పల్లె. అప్పటికి నలభై ఏళ్ళు. పొట్టి మనిషి, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. వీరభద్రం గారి చేతులు చూడగానే అతని చేతిలోంచి గరిటె జారింది. ఠక్కున నేల మీదికి గొంతుక్కూర్చుండిపోయాడు, తన తల ఆయన చేతుల కన్నా కిందికి పోవాలని. "వద్దు లుంగ్! నాకు వద్దు! ఆయు, ఆయు!" అన్నాడు.

లుంగ్ అంటే పెదనాన్న. ఆయు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వీరభద్రం గారి మొహం పాలిపోయింది. పెద్దవాడు ముందుగా చిన్నవాడికి దణ్ణం పెడితే చిన్నవాడి ఆయుష్షు తరుగుతుంది. ఆయన మామ్మ చెప్పిన మాటే ఇది. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో మర్చిపోయిన మాట, ఎక్కడో రూట్ 46 మీద, ఒక థాయ్ వంటవాడి నోట్లోంచి వచ్చింది.

ఆ సాయంత్రం బస్టాపులో ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. తర్వాత అన్నారు, "పద్నాలుగు మంది కలెక్టర్లబ్బాయ్. నాకన్నా చిన్నవాళ్ళే అంతమంది."

"అయితే పద్నాలుగు మందినీ చంపేశారన్నమాట."

"ఇద్దరు సర్వీసులోనే పోయారు," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక్కడి నుంచి వాళ్ళిద్దరి పోటీ మొదలైంది. ప్రయూన్‌కి ముందు తను వై పెట్టాలి, లుంగ్ తీసుకోవాలి. కానీ కలెక్టర్ కారు చప్పుడుకే చేతులు లేపడం నేర్చిన మనిషితో పందెమంటే మాటలా? ప్రయూన్ తలుపు తోసేసరికే వీరభద్రం గారి చేతులు గడ్డం దాటేవి. "అయిపోయింది, ఇవాళ్టికి ఇంకో ఏడాది పోయింది," అని ప్రయూన్ నెత్తి కొట్టుకునేవాడు. ఒకరోజు కూరగాయల ఫ్రీజర్ గదిలో దాక్కుని, ఆయన వెనక నుంచి వచ్చి వై పెట్టాడు. అప్పుడు కూడా వీరభద్రం గారు గిరుక్కున తిరిగి, వాడికన్నా పైకెత్తి సమాధానం పెట్టారు.

"లుంగ్, తిరిగి పెట్టడం కాదు. తీసుకోవడం. ఇక్కడ," అని ప్రయూన్ ఆయన మణికట్లు పట్టుకుని గుండె మీదికి దించాడు. "నెమ్మదిగా. నువ్వు పెద్దవాడివి. నీకేం తొందర?"

"నాకు రాదయ్యా. ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు," అన్నారాయన. వాళ్ళిద్దరిదీ విరిగిన ఇంగ్లీషే. నేను తెలుగులో రాస్తున్నాను.

పెట్టడం మాత్రమే తెలిసిన మనిషికి ఎదుటివాళ్ళు ఎలా తీసుకుంటారో బాగా తెలుస్తుంది. వీరభద్రం గారు తలుపు దగ్గర నిలబడి జనాన్ని తూచేవారు. "తల ఊపినవాడు ఆఫీసరు. కళ్ళతో తీసుకున్నవాడు పుట్టు శ్రీమంతుడు. రెండు చేతులూ ఎత్తి పళ్ళికిలించినవాడు ఏదో అమ్మడానికొచ్చాడు." నేను ఎన్నిసార్లు పరీక్షించానో, ఒక్కసారి తప్పలేదు. ఆయన కళ్ళతోనే నేను సురాపోన్‌ని చూడ్డం నేర్చుకున్నాను.

ప్రయూన్ 1996 నుంచీ ఆ హోటల్‌లో ఉన్నాడు. పొద్దున పదింటికి సురాపోన్ లోపలికి రాగానే పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, నడుం వంచి, ముక్కు దాకా ఎత్తి వై పెట్టేవాడు. సురాపోన్ బ్యాంకాక్‌లో పెద్దింటి బిడ్డ, చదువుకున్నవాడు. తాళంచెవులు జేబులో వేసుకుంటూనో, ఫోన్లో మాట్లాడుతూనో దాటిపోయేవాడు. చెడ్డవాడు కాదు, కసరడు, తిట్టడు. ఆ వై వైపు చూడడు, అంతే.

"ఆయన దాన్ని తీసుకోడబ్బాయ్. కింద పడిపోనిస్తాడు," అన్నారు వీరభద్రం గారు ఒకసారి. "మా కలెక్టర్లలోనూ ఉండేవాళ్ళు అలాంటివాళ్ళు. పెట్టిన చేతులు ఎప్పుడు దించాలో తెలిసేది కాదు."

2009 మార్చిలో ప్రయూన్ కళ్ళు పచ్చబడ్డాయి. మొదట పసుపు అనుకుని ఆటపట్టించాను. తర్వాత ఒళ్ళంతా దురద, గరిటె పట్టుకోలేడు, చొక్కా వదులైపోయింది. నేనే కార్‌లో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను, వీరభద్రం గారూ వచ్చారు. పైత్యరసం వెళ్ళే గొట్టంలో కేన్సర్ అన్నారు. చిన్నప్పుడు చెరువు చేప పచ్చిగా తినేవాడివా అని డాక్టర్ అడిగింది. వాళ్ళ వైపు అందరూ తింటారు, కారం కలిపి. ఆ చేపలో పురుగు ఉంటుందట, ముప్ఫై నలభై ఏళ్ళు కాలేయంలో కూర్చుని ఓపిగ్గా పని చేస్తుందట. ఆపరేషన్ దశ దాటిపోయిందన్నారు.

బయటికొచ్చాక ప్రయూన్ వీరభద్రం గారి వైపు చూసి నవ్వాడు. "లుంగ్ వై బాగా పనిచేసింది."

జోకు. అతను వేసిన ఆఖరి మంచి జోకు. డాక్టర్ చేప అని చెప్పింది, పురుగు అని చెప్పింది, నలభై ఏళ్ళ కిందటిదని చెప్పింది. అన్నీ విన్న మనిషే వీరభద్రం గారు. అయినా ఆ రోజు నుంచీ ఆయన చేతులు జేబుల్లోంచి తీయడం మానేశారు. తలుపు దగ్గర నిలబడేటప్పుడు తప్ప.

సెప్టెంబరుకి ప్రయూన్ ఆసుపత్రి మంచం దిగలేకపోయాడు. వీసా ఎప్పుడో అయిపోయింది, ఇంటికెళ్ళే దారి లేదు. వెళ్ళినా అమ్మా నాన్నా లేరు. రెండు గంటల దూరంలో ఉన్న వాళ్ళ గుడి నుంచి ఒక భిక్షువు వచ్చి మంత్రాలు చదివి వెళ్ళాడు. భిక్షువు వెళ్ళాక ప్రయూన్ మాతో ఒక కోరిక చెప్పాడు. అతను అడిగింది ఇది ఒక్కటే.

పోయేముందు ఒక పెద్దమనిషికి చేతులు జోడించి, తెలిసీ తెలియకా చేసిన తప్పులకి క్షమించమని అడగాలి. ఆ పెద్దమనిషి దాన్ని తీసుకోవాలి. వాళ్ళు దాన్ని 'ఖమా' అంటారు, మన క్షమే. తీసుకునేవాడు లేకపోతే ఆ బరువుతోనే పోవాలి, పై జన్మకి మోసుకెళ్ళాలి. తల్లీ తండ్రీ ఉంటే వాళ్ళు కూర్చునేవాళ్ళు. ఇక్కడ పదమూడేళ్ళు అన్నం పెట్టినవాడు సురాపోన్. "ఖున్ సురాపోన్‌ని ఒక్కసారి రమ్మనండి," అన్నాడు. ఖున్ అంటే మన గారు.

నేను చెప్పాను. మర్నాడు పళ్ళ బుట్ట వెళ్ళింది, పసుపు రిబ్బన్ కట్టి. మళ్ళీ చెప్పాను. ఇంకో బుట్ట వెళ్ళింది. మూడోసారి వీరభద్రం గారే ఓనర్ గదిలోకి వెళ్ళారు. వెనకాలే నేనూ వెళ్ళాను. ఆయన పట్టు చొక్కాలో నిలబడ్డారు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నారు.

"అయిదు నిమిషాలు చాలు సార్. కుర్చీలో కూర్చుని, అతను చేతులెత్తితే మీరు తీసుకోవాలి. అంతే."

సురాపోన్ కళ్ళజోడు తీశాడు. "నేను వెళ్తే అతను మంచం మీంచి లేవబోతాడు. అతనికే కష్టం. పళ్ళు పంపించాను."

"పళ్ళు తినలేడు సార్."

"చూడండి, మా ఇళ్ళల్లో పనివాళ్ళకి ఇలా కూర్చోవడం ఉండదు. నాకు ఎలా చెయ్యాలో కూడా తెలీదు." ఆ మాట నిజమే అయి ఉంటుంది, చెవులు ఎర్రబడ్డాయి. "మీరు వెళ్ళండి. వయసులో మీరే పెద్ద."

"నేను బంట్రోతుని సార్."

"అది అతనికి తెలీదుగా," అన్నాడు సురాపోన్, కళ్ళజోడు పెట్టుకుంటూ.

పోయేవాడికి అబద్ధం చెప్పడం వీరభద్రం గారికి నచ్చలేదు. అక్కగారింట్లో ఏడాది పాటు ఆ అబద్ధంలో కూర్చున్న మనిషి. మర్నాడే ఆసుపత్రికెళ్ళి, ప్రయూన్ పక్కన కూర్చుని చెప్పేశారు. నేనూ ఉన్నాను. కలెక్టర్ ముందు నడిచేవాణ్ణి, తలుపులు తీసేవాణ్ణి, టీ కప్పులు కడిగేవాణ్ణి, నాకెవరూ దణ్ణం పెట్టలేదు, నాకు తీసుకునే అర్హత లేదు, ఇంకెవరినైనా చూడు.

ప్రయూన్ కళ్ళు మూసుకునే విన్నాడు. "తెలుసు లుంగ్."

"ఎలా తెలుసు?"

"నువ్వు తలుపు తీసే తీరు. మొదటిరోజే తెలిసింది."

"మరి?"

"నాకన్నా పదహారేళ్ళు పెద్ద. చాలు." కళ్ళు తెరిచి, "కానీ నువ్వు ముందు ఎత్తకు. ఈసారి ఎత్తకు, లుంగ్. నాకు ఇక అట్టే లేదు," అన్నాడు.

చూశారుగా, ఏం పని పడిందో! చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి, ఎదుటివాడు ఎత్తేదాకా ఆగాలి, గుండె దగ్గర కలపాలి. ఏ తాతగారైనా నిద్రలో చేసే పని. ముప్ఫయ్యేళ్ళ బంట్రోతు చేతులకి మాత్రం సాధ్యం కానిది.

అపార్ట్‌మెంట్‌లో సాధన మొదలుపెట్టాం. ఆయన సోఫాలో కూర్చునేవారు. నేను తివాచీ మీద. "పెట్టరా అబ్బాయ్," అనేవారు. నేను పెట్టేవాణ్ణి. నా చేతులు కలిసేలోపే ఆయనవి నుదురు చేరేవి. నా ఆయుష్షు ఆ వారంలో ఎంత పోయిందో దేవుడికి తెలుసు, జుట్టు మాత్రం అప్పుడే ఊడింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు భుజాలు లేచాయి. రెండు చేతుల్లో రెండు చెంబులు నిండా నీళ్ళు పోసి ఇచ్చాను. సోఫా తడిసింది.

"బాబాయ్, ఎదురుగా కలెక్టర్ ఉన్నాడనుకోకండి. నేనే గదా, వెధవని," అన్నాను.

"వెధవవి అని నా చేతులకి తెలీదబ్బాయ్."

మరుసటి రోజుకి పదిసార్లలో మూడుసార్లు ఆగారు. ఆ తర్వాత నాలుగు. ఇంకో సమస్య వచ్చింది. తీసుకున్నాక దీవించాలి. "ఏమనాలి?" అని అడిగారు. "మనకి తెలిసింది నూరేళ్ళు బతకమనడం ఒక్కటే. వాడితో ఎలా అనను?" 

అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు, రావాలనుకుంటే ఇవాళే రండని. ఐసెలిన్ వెళ్ళి ఓక్ ట్రీ రోడ్‌లో మల్లెపూల దండ కొన్నాను. ఖమాకి కొవ్వొత్తి, అగరువత్తి కూడా ఉండాలిట. నర్సు వాటిని గుమ్మంలోనే లాక్కుంది, ఆక్సిజన్ ఉంది కాబట్టి. దండ మాత్రం రానిచ్చింది. లోపలికి ఒక్కరే అంది. వీరభద్రం గారు తెల్ల చొక్కా వేసుకున్నారు, మీసం దువ్వుకున్నారు. తలుపు దగ్గర ఆగి నా వైపు చూశారు. పదిసార్లలో నాలుగు అని ఇద్దరికీ తెలుసు.

తలుపుకి అరచెయ్యంత వెడల్పు అద్దం ఉంది. అందులోంచి నాకు ఆయన వీపు, మంచం మీద తెల్లటి దుప్పటి కింద కాళ్ళు కనిపించాయి. ప్రయూన్ మొహం ఆయన వీపు చాటున ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆయన ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఎత్తకు బాబాయ్, ఎత్తకు, అని నేను అద్దం మీద నుదురు ఆనించి గొణుక్కుంటున్నాను. ఆయన ముందుకి వంగారు. అప్పుడు చూశాను. ఆయన మోచేతులు లేచాయి. నెమ్మదిగా, రెండూ కలిసి, పైకి, ఇంకా పైకి, నుదుటి ఎత్తుకి. ప్రయూన్ వైపు నుంచి ఏ కదలికా లేదు.

నేను చూడలేకపోయాను. నడవా చివర కాఫీ మిషన్ దగ్గరికి వెళ్ళి, ఒక బటన్ నొక్కబోయి ఇంకోటి నొక్కి, వేడినీళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

శుక్రవారం పొద్దున ప్రయూన్ పోయాడు.

అంత్యక్రియలకి సురాపోన్ వచ్చాడు, నల్ల సూటు. వాళ్ళ పద్ధతిలో పోయినవాడి కన్నా పెద్దవాళ్ళు శవానికి చేతులు జోడించరు, ఊరికే నిలబడతారు. సురాపోన్ అలాగే చేతులు ముందు కట్టుకుని నిలబడ్డాడు. అతని పక్కనే వీరభద్రం గారు నిలబడ్డారు. ఎవరు వచ్చినా లేచే ఆ చేతులు ఆ రోజు రెండు పక్కలా వేలాడుతూనే ఉన్నాయి. నేరం చేసిన మనిషి చేతులు అలాగే ఉంటాయి అనుకున్నాను. ఇప్పటికీ ఎవరికి చెప్పినా ఆ వాక్యంతోనే ముగిస్తాను, బాగా పండుతుంది.

కారులో తిరిగొస్తూ, "ఏమన్నాడు బాబాయ్?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "రెడ్ లైట్ పడింది చూడు," అన్నారు. అంతకు మించి నేను అడగలేదు. అడగకుండానే నాకు తెలిసిపోయిందనుకున్నాను. నాకు తెలియనిది ఈ భూమ్మీద ఉండదు గదా.

సోమవారం నుంచి ఆయన మళ్ళీ పట్టు చొక్కా తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డారు. కొత్త వంటవాడు మెక్సికో అతను. ఎవరికీ వై పెట్టేవాడు కాదు, పెట్టమని ఎవరూ అడగలేదు. 2012లో హోటల్ మూసేశారు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతారు. వీరభద్రం గారు బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే పనికి కుదిరారు. ఆరెంజ్ రంగు కోటు వేసుకుని ఒక్క చెయ్యి ఎత్తితే రెండు వైపులా కార్లు ఆగిపోతాయి. ఒకసారి ఫైరింజన్ కూడా ఆగిందని చెబుతాను నేను. పిల్లలు "థ్యాంక్యూ అంకుల్" అని పోతుంటే ఆయన తల ఊపుతారు. చేతులు జోడించరు. అవతల ఉన్నవాళ్ళు చిన్నవాళ్ళు.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి మొదటి మాట నుంచీ చదివి వినిపించాను. చంపారన్న మాట విన్నారు. పద్నాలుగు మంది కలెక్టర్లు విన్నారు. తడిసిన సోఫా దగ్గర మీసం కొంచెం కదిలింది. అద్దంలోంచి నేను చూసింది చదువుతుంటే చెయ్యెత్తి, బడి దగ్గర కార్లని ఆపినట్టే, ఆపారు. నేను ఆగాను. ఆయన గొంతు పెంచలేదు, నా మీద కోపం కూడా లేదు.

"అవి నా చేతులు కావబ్బాయ్, అతనివి. నీరు పట్టి పైకి లేవడం లేదు. నేను పట్టుకుని అతని నుదుటి దాకా ఎత్తాను. దించి మళ్ళీ దుప్పటి మీద పెట్టాను. ఆ తర్వాత నావి గుండె దగ్గర పెట్టుకుని సరే అన్నాను. నువ్వప్పటికి కాఫీకి వెళ్ళావు."